నీలం పైన, ఎరుపు కింద: జూలై నాలుగు అలంకరణలో నా అనుభవ పాఠాలు

నేను తెనాలి దగ్గర పల్లె నుంచి 1974లో పెళ్ళిచేసుకుని న్యూజెర్సీ వచ్చాను. వచ్చిన రెండేళ్ళకే 1976. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 200 ఏళ్ళు. ఆ ఏడాది ఈ దేశం ముస్తాబైన తీరు చూసినవాళ్ళు మరిచిపోలేరు. వీధి చివర నీళ్ళ పంపుల దగ్గర్నుంచి పోస్టు డబ్బాల దాకా ఎరుపు, తెలుపు, నీలం రంగులు పూశారు. చేతికొచ్చిన పావలా బిళ్ళ మీద కూడా డప్పు వాయించే సైనికుడి బొమ్మ, 1776–1976 అని రెండు సంవత్సరాలూ ముద్రించి ఉండేవి. జూలై 4న జెర్సీ సిటీ ఒడ్డున, అప్పటికి మూడు వారాల కిందటే తెరిచిన లిబర్టీ స్టేట్ పార్కులో, జనంలో నిలబడి తెరచాప ఓడలు వరసగా హడ్సన్ నదిలోకి రావడం చూశాం. సంక్రాంతికి ఊరు ఊరంతా ముగ్గులు పెట్టుకున్నట్టు అనిపించింది నాకు. మన ఇంటి ముందూ ఏదో ఒకటి కట్టాలని ఆ రోజే అనుకున్నాను.

అప్పట్నుంచి ప్రతి జూలై నాలుగుకీ మా పెరట్లో భోజనాలే. ఒక ఏడు ఇరవై మంది, ఒక ఏడు నూట ఇరవై. ఈ మధ్య కొత్తగా ఇళ్ళు కొనుక్కున్న పిల్లలు ఫోన్ చేసి "ఆంటీ, ఏం కట్టాలి, ఎక్కడ కట్టాలి, తప్పేమన్నా అవుతుందా?" అని అడుగుతున్నారు. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మంచిదని ఇది రాస్తున్నాను.

1. జెండా వేరు, రంగులు వేరు

మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. నేను దీన్ని తప్పు చేసి నేర్చుకున్నాను.

1977లో మా మొదటి పార్టీ. షాపులో జెండా అచ్చేసిన పెద్ద గుడ్డ ఒకటి దొరికితే మురిసిపోయి కొన్నాను. బల్ల మీద పరిచి, దాని మీద పులిహోర గిన్నె, గుత్తొంకాయ కూర, అప్పడాల డబ్బా అన్నీ సర్దాను. పక్కింటి పెద్దావిడ బంగాళాదుంపల సలాడ్ పట్టుకుని వచ్చింది. బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, గిన్నె బల్ల మీద పెట్టకుండా నా చేతికిచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఏమీ అనలేదు.

మర్నాడు నన్ను వాళ్ళింటికి పిలిచింది. హాల్లో గూటిలో ఒక అద్దాల పెట్టె ఉంది, మూడు మూలలది. అందులో త్రికోణంగా మడిచిన జెండా. నీలం మీద తెల్ల నక్షత్రాలు మాత్రమే కనిపిస్తున్నాయి, ఎరుపు ఎక్కడా బయటికి రాలేదు. వియత్నాం యుద్ధంలో పోయిన కొడుకు శవపేటిక మీద కప్పిన జెండా అది. విప్పితే ఐదడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవు ఉంటుందని చెప్పింది. "నీ తప్పేం లేదు, నీకెవరూ చెప్పి ఉండరు" అంది నా చెయ్యి పట్టుకుని. నేను ఇంటికొచ్చి ఆ గుడ్డ తీశాను. దాని మీద పసుపు మరక పడి ఉంది. ఎంత ఉతికినా పోలేదు.

తర్వాత లైబ్రరీకి వెళ్ళి ఫ్లాగ్ కోడ్ చదివాను. 1923లో జూన్ 14న వాషింగ్టన్‌లో సమావేశమైన సంఘాలు రాసుకున్న నియమాలవి. 1942లో కాంగ్రెస్ వాటిని చట్టం చేసింది. జెండాను బట్టలుగా, దుప్పటిగా, తెరగా వాడకూడదు. దిండ్ల మీద, చేతిరుమాళ్ళ మీద కుట్టకూడదు. వాడి పారేసే కాగితపు నాప్కిన్ల మీద, డబ్బాల మీద అచ్చు వేయకూడదు. దాన్ని కుచ్చిళ్ళు పెట్టి వేలాడదీయకూడదు. నేల తగలనివ్వకూడదు.

మీరు షాపుకెళితే ఇవన్నీ రాసులుగా పోసి అమ్ముతుంటారు. జెండా చొక్కాలు, జెండా చెప్పులు, జెండా పళ్ళేలు. అమెరికా వాళ్ళే వేసుకుంటారు కూడా. ఇండియాలో జాతీయ జెండాను అవమానిస్తే 1971 చట్టం కింద జైలు శిక్ష ఉంది. ఇక్కడ ఫ్లాగ్ కోడ్‌ను మీరితే శిక్ష లేదు. జెండాను తగలబెట్టడం కూడా నిరసన తెలిపే హక్కు కిందికే వస్తుందని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష లేనప్పుడు పాటించడమే అసలైన గౌరవమని నా నమ్మకం. కాబట్టి కొనేటప్పుడు నేను ఒకటే చూస్తాను. నక్షత్రాలున్న నాప్కిన్ తీసుకుంటాను, చారలున్న పళ్ళెం తీసుకుంటాను. నక్షత్రాల గడీ, చారలూ కలిసి అచ్చం జెండాలా ఉంటే ముట్టుకోను. ఎరుపు, తెలుపు, నీలం అందరి సొత్తు. వాటితో ఇల్లంతా నింపండి. జెండాకు మాత్రం దాని చోటు దానికివ్వండి.

2. బంటింగ్ కుట్టడం చీర కట్టడం వచ్చినవాళ్ళకి కష్టం కాదు

జెండాను వేలాడదీయవద్దంటే మరి పోర్చి కటకటాలకు ఏం కట్టాలి? దానికి జవాబు ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. నీలం, తెలుపు, ఎరుపు గుడ్డల బంటింగ్ కట్టుకోమని, నీలం పైన, తెలుపు మధ్యన, ఎరుపు కింద ఉండాలని రాశారు. ఇక్కడి పాత ఇళ్ళ ముందు విసనకర్రల్లా విప్పారి కనిపించేవి అవే.

కొన్నది ఒక వానకు వెలిసిపోతుంది. కుట్టుకున్నది ఇరవై ఏళ్ళు వస్తుంది. మూడు రంగుల కాటన్ గుడ్డలు, ఒక్కొక్కటి అడుగు వెడల్పు, మూడు గజాల పైన అర అడుగు పొడవు తీసుకోండి. నీలం, తెలుపు, ఎరుపు వరసలో పక్కపక్కన కుట్టండి. మూడడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవున్న పట్టీ తయారవుతుంది. ఇప్పుడు చీర కుచ్చిళ్ళు పోసినట్టే, నీలం అంచు పట్టుకుని రెండంగుళాల మడతలు పోసుకుంటూ మొత్తం ఎడమ చేతిలోకి తెచ్చుకోండి. బొడ్డు దగ్గర దోపుకునే చోటు ఉంటుందే, అక్కడ గట్టి దారంతో నాలుగు కుట్లు వేసి బిగించండి. ఎరుపు అంచు వదిలేయండి. పైకెత్తి పట్టుకుంటే పట్టీ రెండు కొసలూ అటూ ఇటూ సాగి ఆరడుగుల సరళరేఖ అవుతాయి, కింద అర్ధచంద్రంలా ఎరుపు పరుచుకుంటుంది. ఆ కొసల దగ్గర, మధ్యన ఇత్తడి కళ్ళు వేయించుకుంటే తాడుతో కట్టడం సులువు.

ఎరుపు గుడ్డ కొన్న రోజే తడిపి తెల్ల గుడ్డ మీద రుద్ది చూడండి. నేను చూడలేదు. 1981లో కుట్టిన మొదటి బంటింగ్ మీద ఒక్క జల్లు పడింది, తెలుపంతా గులాబీ రంగైపోయింది. రంగు దిగే గుడ్డను దీనికి వాడకండి. మడతలు నలక్కుండా ఒక్కసారి ఇస్త్రీ చేసి, మడత మీదే కాగితపు క్లిప్పులు పెట్టి ఒక రాత్రి ఉంచితే కట్టినప్పుడు పూలరేకుల్లా నిలబడతాయి.

ఈ కుట్టుపని చేస్తుంటే మా అమ్మ గుర్తొచ్చేది. మా ఇంట్లో పెళ్ళి పందిరికి తెల్ల గుడ్డల కుచ్చులు ఆవిడే కుట్టేది.

3. నక్షత్రాలు చూసేవాళ్ళకి ఎడమ చేతి వైపు

జెండాను గోడకు అడ్డంగా కట్టినా, నిలువుగా వేలాడదీసినా నక్షత్రాల గడీ పైన, చూసేవాళ్ళకి ఎడమ వైపున ఉండాలి. నిలువుగా కట్టేటప్పుడు చాలామంది తిరగేస్తారు. గుమ్మం పక్కన ఏటవాలు కర్రకు కడితే నక్షత్రాలు కర్ర కొసకు రావాలి. మామూలు ఇంటికి మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున్న నైలాన్ జెండా సరిపోతుంది, వానకు ఆగుతుంది. పొద్దున కట్టి పొద్దుగూకితే తీసేయండి. రాత్రి కూడా ఉంచాలంటే దాని మీద దీపం పడాలి. మీ కాలనీ సంఘం వద్దంటే కంగారు పడకండి. ఇంటి ముందు జెండా కట్టుకునే హక్కును కాపాడే చట్టం 2006 నుంచి అమల్లో ఉంది. సంఘం వాళ్ళు ఎక్కడ, ఎలా అన్నదానికి సబబైన నియమాలు పెట్టొచ్చు గానీ కట్టనేవద్దని అనలేరు.

4. తెలుపు ఎక్కువ, ఎరుపు తక్కువ

మూడు రంగులూ సమానంగా పోస్తే ఎన్నికల ఆఫీసులా ఉంటుంది. మొదట్లో నేనూ అలాగే చేశాను. ఎటు చూసినా కళ్ళకు గుచ్చుకునేది. ఇప్పుడు తెలుపుతో మొదలుపెడతాను. బల్ల మీద తెల్ల మంగళగిరి దుప్పటి. దాని మీద నీలం పళ్ళేలు. ఎరుపు బొట్టంత, అక్కడక్కడా. తెల్ల దుప్పటి మీద పది ఎర్ర మందారాలు చేసే పని వంద ఎర్ర బెలూన్లు చేయలేవు.

పూలతో చేయగలిగితే ప్లాస్టిక్ జోలికి పోవద్దు. న్యూజెర్సీలో జూన్ ఆఖరుకల్లా హైడ్రేంజియాలు విరగబూస్తాయి. నేలలో పులుపు ఉంటే పువ్వు నీలం, లేకపోతే గులాబీ. మా పెరట్లో ఒక మూల నీలం, ఇంకో మూల గులాబీ పూసేవి. నర్సరీ వాళ్ళ సలహాతో మట్టిలో గంధకం కలిపితే రెండేళ్ళకి గులాబీ మూల కూడా నీలానికి తిరిగింది. మేలో తెల్ల పెటూనియాలు, ఎర్ర జిరేనియంలు కుండీల్లో వేసుకుంటే జూలై నాలుగుకి మెట్లన్నీ నిండుతాయి, సెప్టెంబరు దాకా ఉంటాయి. పండగ అయిపోయాక చెత్తలో పడేసేది ఏమీ ఉండదు.

5. వంటకు రంగు కలపకండి

నీలం ఇడ్లీలు, ఎర్ర ఇడ్లీలు చేసి వరసగా పేర్చిన పార్టీకి ఒకసారి వెళ్ళాను. పిల్లలు నోళ్ళు నీలంగా చేసుకుని తిరిగారు, పెద్దలు ముట్టుకోలేదు. రంగు పొడి అక్కర్లేదు. దద్దోజనంలో దానిమ్మ గింజలు వేసే అలవాటు మనకు ఎప్పట్నుంచో ఉంది. దానికి గుప్పెడు బ్లూబెర్రీలు చేర్చండి. తెల్లటి అన్నం మీద ఎరుపు, నీలం వాటంతటవే వస్తాయి. ఎండలో ఆ చల్లటి దద్దోజనం కోసం పక్కవాళ్ళు కూడా రెండోసారి వడ్డించుకుంటారు. పాలు విరగ్గొట్టి చేసిన కలాకండ్ పలక మీద పైవరసలో బ్లూబెర్రీలు, కింద స్ట్రాబెర్రీ ముక్కలు వరసలుగా పేర్చడం నాకు చాలా ఇష్టం. జెండా అచ్చు వేయకుండా రంగులే వరసలుగా పెడతాను.

ఇంకో సంగతి చెప్పాలి. తోటలో పెంచే బ్లూబెర్రీ పుట్టిందే మా న్యూజెర్సీలో. ఇక్కడి వైట్స్‌బోగ్ అనే చోట ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త కలిసి అడవి పొదల్లో మంచివి ఏరి పెంచారు. 1916లో మొదటి పంట అమ్మారు. పొదల్లో పెద్ద పళ్ళు ఎక్కడ కాస్తాయో ఆవిడకు చూపించింది ఆ చుట్టుపక్కల అడవుల్లో తిరిగే మామూలు జనం. జూలై మొదటి వారం సరిగ్గా ఆ పంట చేతికొచ్చే రోజులు. హామంటన్ వైపు తోటలకు పిల్లల్ని తీసుకెళ్ళి వాళ్ళ చేత కోయించుకు రండి. బల్ల మీది గిన్నెలో ఉన్నదేమిటో వాళ్ళకి తెలుస్తుంది.

6. ఒక పని పిల్లల చేతికి వదిలేయండి

మాకు నక్షత్రాలన్నీ పిల్లలే కత్తిరిస్తారు. కాగితాన్ని సరిగ్గా మడిస్తే ఒక్క కత్తిరింపుతో ఐదు కొసల నక్షత్రం వస్తుంది. ఫిలడెల్ఫియాలో బెట్సీ రాస్ అనే కుట్టుపని ఆవిడ జార్జి వాషింగ్టన్‌కు ఇలాగే కత్తిరించి చూపించిందని కథ. ఆ కథను ఆవిడ మనవడు 1870లో బయటపెట్టాడు, దానికి కాగితం మీద రుజువేదీ దొరకలేదు. జెండా నమూనా గీసినందుకు తనకు ప్రతిఫలం ఇవ్వమని 1780లో ప్రభుత్వాన్ని అడిగినట్టు కాగితాలున్నది ఫ్రాన్సిస్ హాప్కిన్‌సన్‌కి. స్వాతంత్ర్య ప్రకటన మీద న్యూజెర్సీ తరఫున సంతకం పెట్టినవాళ్ళలో ఆయనొకడు. పిల్లలు కత్తెర పట్టుకున్నప్పుడు రెండూ చెబుతాను. ఏది కథ, ఏది కాగితం అన్న తేడా వాళ్ళకి చిన్నప్పుడే తెలియాలి.

డ్రైవ్‌వే మీద ముగ్గు కూడా వేయించండి. చుక్కలు పెట్టి నక్షత్రాలు కలిపే ముగ్గులు మన దగ్గర ఎన్ని లేవు! మూడు రంగుల సుద్దలు చాలు. జెండా బొమ్మ మాత్రం నేల మీద వేయనివ్వకండి. దాన్ని తొక్కుకుంటూ నడుస్తారు.

7. మెమోరియల్ డే మనకు పార్టీ కాదు

మే ఆఖరి సోమవారం. షాపుల్లో అదే రోజు నుంచి జూలై నాలుగు సరుకు పెడతారు కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. యుద్ధాల్లో చచ్చిపోయినవాళ్ళను తలుచుకునే రోజది. ఒకప్పుడు దాన్ని డెకొరేషన్ డే అనేవారు, సమాధులకు పూలు అలంకరించే రోజు కాబట్టి. ఆ రోజు మధ్యాహ్నం దాకా జెండా సగం ఎత్తులో ఉంటుంది. పక్కింటి పెద్దావిడ ఆ రోజు మేకప్ లేకుండా, ముదురు రంగు గౌనులో స్మశానానికి వెళ్ళొచ్చేది. మనవాళ్ళు తెలియక "హ్యాపీ మెమోరియల్ డే" అంటే మౌనంగా తల ఊపేది. బెలూన్లు, బంటింగులు ఆ రోజు బయటికి తీయకండి. ఒక పూల కుండీ చాలు.

ఇలాంటిదే ఇంకొకటి. కొన్ని ఇళ్ళ కిటికీల్లో ఎర్ర అంచున్న చిన్న తెల్ల గుడ్డ, మధ్యలో నీలి నక్షత్రం కనబడుతుంది. ఆ ఇంటి మనిషి సైన్యంలో ఉన్నారని అర్థం. నక్షత్రం బంగారు రంగుదైతే ఆ మనిషి తిరిగి రాలేదని. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆనవాయితీ. అందంగా ఉందని అలాంటిది కొని మీ కిటికీలో పెట్టకండి.

8. నిప్పు, గాలి, చప్పుడు

కాకరపువ్వొత్తి చేతిలో పట్టుకునేదే కదా అనుకుంటాం. దాని కొస దగ్గర వేడి రెండువేల ఫారెన్‌హైట్ డిగ్రీల దాకా ఉంటుంది. ఆరిపోయాక కూడా చాలాసేపు చల్లారదు. పట్టు పరికిణీ కట్టిన పిల్లల చేతికివ్వకండి, కాటన్ బట్టలే తొడగండి. ఇసుక పోసిన బకెట్, నీళ్ళ బకెట్ రెండూ పక్కన ఉండాలి, కాలిన ఊచలు నీళ్ళలో ముంచాకే పారేయాలి. ఏ రాష్ట్రంలో ఏది కాల్చుకోవచ్చో ముందే తెలుసుకోండి. న్యూజెర్సీలో 2017 దాకా కాకరపువ్వొత్తులు కూడా కుదిరేవి కాదు, ఇప్పటికీ పైకెగిరేవి, పేలేవి కుదరవు. మసాచుసెట్స్‌లో అయితే సొంతంగా ఏదీ కాల్చకూడదు.

మెరిసే రేకు బెలూన్లను గాల్లోకి వదలకండి. కరెంటు తీగలకు తగిలితే వీధంతా చీకటైపోతుంది. చప్పుడుకు బెదరకుండా కుక్కను లోపల గదిలో ఉంచి తలుపేయండి.

యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు కొందరికి ఈ చప్పుళ్ళు పాత గాయాలను రేపుతాయి. కొన్ని ఇళ్ళ ముందు ఆ సంగతి రాసిన చిన్న బోర్డు ఉంటుంది. బోర్డు లేకపోయినా, మీరు ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎన్నింటికి ఆపుతారో ముందు రోజే వెళ్ళి పక్కవాళ్ళకు చెప్పండి. మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్ళండి.

9. భయంతో కట్టిన జెండా నిలబడదు

ఇది రాయడానికి చెయ్యి ఆడలేదు. అయినా రాయాలి.

2001లో, సెప్టెంబరు 11 దాడుల తర్వాత, మా వీధిలో ప్రతి ఇంటికీ జెండా కట్టారు. దుఃఖంతో కట్టారు. షాపుల్లో జెండాలు అయిపోయాయి. సెప్టెంబరు 15న అరిజోనాలోని మీసాలో, తన పెట్రోలు బంకు ముందు నిలబడి ఉన్న బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును తలపాగా చూసి కాల్చి చంపారు. ఆ వార్త వచ్చిన సాయంత్రం మా వారు ఎక్కడెక్కడో తిరిగి నాలుగు జెండాలు తెచ్చారు. ఒకటి గుమ్మానికి, ఒకటి కిటికీకి, ఒకటి కారుకు, ఒకటి పోస్టు డబ్బాకు. నేను బొట్టు చిన్నది చేసుకున్నాను. ఆ వారం మా ఇల్లు వీధిలో అందరికంటే ఎక్కువ జెండాలున్న ఇల్లు. మేం మాత్రం తలుపుకు రెండు గడియలు వేసుకుని లోపల కూర్చున్నాం.

పక్కింటి పెద్దావిడ అప్పటికి బాగా ముసలిదైంది. కర్ర పట్టుకుని వచ్చి కూర్చుంది. నా మొహం కేసి చూసి "బొట్టేది?" అని అడిగింది. ఆవిడకు ఆ మాట తెలుసు, నేనే నేర్పాను. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు మా వారు మూడు జెండాలు తీసేసి మడిచి లోపల పెట్టారు. గుమ్మం దగ్గరది ఉంచారు. నేను మళ్ళీ మామూలు బొట్టు పెట్టుకున్నాను.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతలో మన శ్రీనివాస్ కూచిభొట్లను "నా దేశం వదిలిపో" అంటూ కాల్చి చంపినప్పుడు, మళ్ళీ చాలామంది పిల్లలు నాకు ఫోన్ చేశారు. ఇంటి ముందు పెద్ద జెండా కట్టమంటావా ఆంటీ అని. కట్టాలనుంటే కట్టండి, రక్షణ కోసమైతే వద్దు అన్నాను. ఆ రాత్రి ఆ కాల్పులకు అడ్డం వెళ్ళి తూటా తగిలించుకున్న ఇయాన్ గ్రిల్లట్ కూడా అమెరికావాడే. ఆ జెండా కాల్చినవాడిదో, అడ్డం వెళ్ళినవాడిదో నేను చెప్పక్కర్లేదు.

ఫ్లాగ్ కోడ్ నియమాలు రాసుకున్న 1923లోనే, ఆ ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ అనే ఆయనకు పౌరసత్వం లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడాయన. తెల్లవాడు కాదు కాబట్టి కుదరదన్నారు. మనవాళ్ళకు పౌరసత్వం దక్కే వీలు 1946లో వచ్చింది. మాబోటివాళ్ళం ఇంతమందిమి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. అధ్యక్షుడు జాన్సన్ దాని మీద సంతకం పెట్టింది లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర. మీరు గుమ్మానికి కట్టేది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మీకు ముందొచ్చినవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి, చట్టాలు మార్పించి తెచ్చింది. ఆ సంగతి తెలిసి కట్టండి.

10. రెండు జెండాలు పక్కపక్కన

సిటిజన్‌షిప్ వచ్చిన రోజు పార్టీ చేసుకోవడం మనవాళ్ళకు ఆనవాయితీ అయింది. మంచిదే. రెండు దేశాల జెండాలూ పెట్టాలనుకుంటే ఒకే కర్రకు ఒకదాని కింద ఒకటి కట్టకండి. వేర్వేరు కర్రలు, ఒకే ఎత్తు, దాదాపు ఒకే కొలత. ఒక దేశం జెండా ఇంకో దేశం జెండా కంటే పైన ఉండకూడదన్నది అన్ని దేశాల మర్యాద. ఇక్కడ అమెరికా జెండా చూసేవాళ్ళకి ఎడమ వైపు, మనది కుడి వైపు.

ఒక సంఘం ఉత్సవంలో చూశాను. రెండు జెండాల్లోనూ పూలరేకులు చుట్టి ముడేసి, తాడు లాగగానే రాలేలా ఏర్పాటు చేశారు. మన జెండాకు అది ఒప్పే. ఆగస్టు 15న, జనవరి 26న అలా చేయొచ్చని మన నియమాల్లోనే ఉంది. అమెరికా జెండాలో మాత్రం ఏదీ మూటగట్టకూడదని వాళ్ళ కోడ్ చెబుతుంది. వచ్చిన ఊరి మేయరు ఏమీ అనలేదు గానీ తెలిసి ఉంటే బాగుండేదని నాకు మనసులో గుచ్చుకుంది.

ప్రమాణం చేసిన రోజు చేతిలో పెట్టే చిన్న జెండా ఉంటుంది కదా, దాన్ని కేకులో గుచ్చకండి. రాగి చెంబులో బియ్యం పోసి అందులో నిలబెట్టండి. మా ఇంట్లో నాదీ, మా వారిదీ పూజగది బయట గూట్లో అలాగే ఉన్నాయి.

11. దించడం కూడా అలంకరణలో భాగమే

ఐదో తారీఖు పొద్దున్నే దించేయండి. వారాల తరబడి వేలాడి, చివికిపోయి, తీగకు చుట్టుకున్న జెండా కన్నా కట్టని జెండా నయం. ఆగస్టు 15 మర్నాడు మనూళ్ళో రోడ్డు మీద కాగితం జెండాలు కాళ్ళ కింద పడి ఉండటం చూసి పెరిగినదాన్ని. ఇక్కడా అదే జరుగుతుంది, కవాతు అయిపోయాక వీధికాలవ పక్కన చూడండి. మీ వీధిలో కనబడితే వంగి తీయండి.

మడవడానికి ఇద్దరు కావాలి. పొడవుకు రెండుసార్లు మడిచి, చారల కొస నుంచి త్రికోణాలుగా తిప్పుకుంటూ వస్తే చివరికి నీలం పైకి తేలుతుంది. అది నాకు పక్కింటి పెద్దావిడ నేర్పింది, వాళ్ళ పోర్చిలో నిలబడి, ఒక కొస తను పట్టుకుని. చిరిగిపోయినదాన్ని చెత్తబుట్టలో వేయకండి. గౌరవంగా దహనం చేయడం వాళ్ళ పద్ధతి. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ హాళ్ళలో పాత జెండాలు తీసుకుంటారు, చాలాచోట్ల బయటే డబ్బా ఉంటుంది. జెండా దినమైన జూన్ 14న వాటిని వరసలో పెట్టి దహనం చేస్తారు. ఒక్కసారైనా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

2026 జూలై 4కి స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్ళు. 1976లో చూసినంత సందడి చేయాలని నాకుంది, కానీ ఒక్కదాన్నే చేయలేను. నా దగ్గర చేత్తో కుట్టిన బంటింగులు ఆరున్నాయి. మన వీధుల్లో ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకెళ్ళండి. నీలం పైకి ఉండేలా కట్టండి. ఐదో తారీఖు దించి, ఉతికి, నీడలో ఆరబెట్టి ఇవ్వండి.